ఇంటి వద్ద నీటి ప్రమాదాలు, పసిపిల్లల భద్రత

ఇంటి వద్ద నీటి ప్రమాదాలు అనగా ఇంటి లోపల, పెరటిలో, వాకిట్లో నిలువ ఉన్న నీటిలో పసిపిల్లలు పడి మునగడం వలన కలిగే ప్రమాదాలు. నీట మునక అనగానే చెరువులు, కాలువలు, నదులు, సముద్ర తీరం గుర్తుకు వస్తాయి. ఈతకు దిగే పెద్ద పిల్లల విషయంలో అది సరియైనదే. కాని పాకడం నేర్చిన నాటి నుండి నాలుగైదేళ్ళు వచ్చేవరకు బిడ్డకు ప్రమాదం ఎక్కువగా ఇంటికి అతి దగ్గరలోనే పొంచి ఉంటుంది. స్నానాల గదిలోని బకెట్టు, పెరటిలోని గాబు, మూత సరిగా లేని సంపు, పశువుల కుడితి తొట్టి - ఇవేవీ పెద్దల కంటికి ప్రమాదకరమైన వస్తువులుగా కనిపించవు. బిడ్డ ముక్కు, నోరు మునిగేటంత నీరు, అనగా రెండు అంగుళాల లోతు ఉన్నా ప్రాణాపాయం కలుగవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేళ్ళలోపు పిల్లలు. భారతదేశంలో 2022లో నీట మునిగి మరణించినవారు, అన్ని వయసులవారు కలిపి, 38 వేలకు పైగా ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2021లో ఒక తీర్మానం ద్వారా జూలై 25ను ప్రపంచ నీట మునక నివారణ దినంగా ప్రకటించింది.

నిర్వచనం

2002లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జరిగిన ప్రపంచ మహాసభలో నిపుణులు నీట మునకకు ఒక నిర్వచనం ఇచ్చారు. ద్రవంలో మునగడం వలన శ్వాసకు ఆటంకం ఏర్పడే ప్రక్రియనే నీట మునక అంటారు. ఇందులో గమనించవలసినది "ప్రక్రియ" అనే మాట. మరణిస్తేనే నీట మునక అని కాదు. బ్రతికి బయటపడినవారు కూడా నీట మునకకు గురైనవారే. మెదడుకు ప్రాణవాయువు అందక, ప్రాణం దక్కినా చూపు, మాట, నడక, తెలివితేటలు దెబ్బతిన్న పిల్లలు మరణాల లెక్కలో కనిపించరు.

పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువ కావడానికి కారణాలు

మొదటి కారణం శరీర నిర్మాణం. అప్పుడే పుట్టిన బిడ్డ తల శరీరం పొడవులో సుమారు నాలుగవ వంతు ఉంటుంది. పెద్దవారిలో ఇది సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. నడక నేర్చుకునే వయసులో కూడా శరీర బరువు పైభాగంలోనే ఎక్కువ. అందువలన బకెట్టు అంచు పట్టుకొని లోపలికి తొంగిచూసిన బిడ్డ తలక్రిందులుగా పడితే తిరిగి లేవలేదు. తలను, భుజాలను పైకి ఎత్తడానికి కావలసిన బలం చేతులలో ఉండదు.

బిడ్డ పెనుగులాడితే బకెట్టు పడిపోతుంది కదా అని అనిపించవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూస్తే ఇది ఎందుకు జరగదో తెలుస్తుంది. ఏడాది బిడ్డ ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు, బరువు 9 లేక 10 కిలోలు. రంగులు వేయించిన తరువాత చాలా ఇళ్ళలో నీళ్ళకు వాడుకునే 20 లీటర్ల పెయింటు బకెట్టు ఆ బిడ్డ నడుము దాటి వస్తుంది. అందులో సగం నీరు ఉన్నా ఆ నీటి బరువే 10 కిలోలు. అంటే తనంత బరువున్న వస్తువును ఆ బిడ్డ గాలిలో కాళ్ళు ఆడిస్తూ పడగొట్టాలి. సన్నగా, ఎత్తుగా, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఇటువంటి బకెట్టు మామూలు ప్లాస్టిక్ బకెట్టుకన్నా ప్రమాదకరమైనది.

రెండవ కారణం నిశ్శబ్దం. సినిమాలలో చూపించినట్లు నీట మునిగేవారు కేకలు వేయరు. ముక్కు, నోరు నీటిలో ఉన్నప్పుడు గొంతు నుండి శబ్దం రాదు. ప్రక్క గదిలో ఉన్న తల్లికి ఏమీ వినిపించదు. "బిడ్డ అల్లరి వినపడడం లేదేమిటి" అని అనుమానం వచ్చేసరికే ఆలస్యం కావచ్చు. ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుండి ఆరు నిమిషాలలో మెదడుకు శాశ్వత నష్టం మొదలవుతుంది. కుక్కరు దించి, పొయ్యి కట్టివేసి రావడానికి పట్టే సమయం కన్నా ఇది ఎక్కువేమీ కాదు.

మూడవ కారణం ఆ వయసు మనస్తత్వం. బడి ఈడు పిల్లలకు "అటు వెళ్ళవద్దు" అని చెప్పి, ఎందుకో వివరించవచ్చు. రెండేళ్ళ బిడ్డకు మాట అర్థమైనా గుర్తుండదు. నీళ్ళ మెరుపు, తేలే చెంబు, అందులో కనిపించే తన ముఖం - వీటి ఆకర్షణ ముందు తల్లి మందలింపు నిలవదు. కనుక ఈ వయసులో బోధనపై ఆధారపడకూడదు. నీటికి, బిడ్డకు మధ్య అడ్డు ఉండాలి.

నిలువ నీటి అలవాటు

తెలుగు నాట చాలా పట్టణాలలో కుళాయి నీరు రోజు విడిచి రోజు, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యంగా వస్తుంది. వచ్చినప్పుడే డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, తొట్లు నింపి పెట్టుకోవడం గృహిణులకు తప్పనిసరి. ఖాళీ పాత్ర ఇంట్లో ఉండడం కొందరికి అశుభంగా కూడా తోస్తుంది. "వాడిన వెంటనే బకెట్టు బోర్లించండి" అన్న సలహా ఇరవై నాలుగు గంటలూ నీరు వచ్చే ఊళ్ళకు పూర్తిగా సరిపోతుంది. మన ఇళ్ళలో కొన్ని పాత్రలనైనా నింపి ఉంచక తప్పదు. కనుక ఇక్కడ చేయవలసినది రెండు విధాలు. అవసరం లేని పాత్రలను బోర్లించడం, అవసరమైన పాత్రలను బిడ్డకు అందకుండా చేయడం.

నిలువ నీటిని స్నానాల గదిలోనో, తలుపు ఉన్న మరొక గదిలోనో ఉంచి, ఆ తలుపుకు బయట పెద్దలకు మాత్రమే అందే ఎత్తులో గడియ పెట్టించాలి. చాలా ఇళ్ళలో స్నానాల గది గడియ లోపలి వైపు మాత్రమే గట్టిగా ఉంటుంది. బయటి వైపు ఒక చిన్న గడియ బిగించడానికి వడ్రంగికి అరగంట పని. పసిబిడ్డ ఉన్న ఇంటిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రక్షణ ఇచ్చే మరొక ఏర్పాటు లేదు.

డెంగ్యూ నివారణ కోసం ప్రతి శుక్రవారం డ్రై డే పాటించాలని, నీటి పాత్రలను ఖాళీ చేసి ఆరబెట్టాలని ఆరోగ్య సిబ్బంది చెబుతుంటారు. దోమల నివారణకు, పిల్లల రక్షణకు చాలావరకు ఒకే పని ఉపకరిస్తుంది. కాని ఒక తేడా ఉన్నది. డ్రమ్ముపై కట్టిన గుడ్డ దోమను ఆపుతుంది, బిడ్డను ఆపదు. పైగా క్రింద నీరున్న సంగతి కనపడకుండా చేస్తుంది. పలుచని రేకు, పగిలిన ప్లాస్టిక్ మూత, అడ్డంగా వేసిన చెక్క కూడా ఇటువంటివే. బిడ్డ దానిపై చేతులు ఆనించి బరువు మోపినా కదలని మూతే మూత.

కొన్ని ప్రమాదాలు సందర్భాన్ని బట్టి వస్తాయి. వేసవిలో కూలరులో పోయడానికి తెచ్చిన బకెట్టు హాలులోనే ఉండిపోతుంది. హోలీ నాడు రంగు నీళ్ళ డ్రమ్ములు వాకిట్లో ఉంటాయి. మట్టి వినాయకుని ఇంటిలోనే బకెట్టులోనో టబ్బులోనో నిమజ్జనం చేసే మంచి అలవాటు ఇటీవల పెరిగింది. విగ్రహం కరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కనుక ఆ పాత్ర అంతసేపూ పువ్వులతో, పత్రితో పిల్లలను ఆకర్షిస్తూ ఉంటుంది. దానిని మేడపైననో, తాళం వేసే గదిలోనో ఉంచడం మేలు.

స్నానం

పూర్వం నుండి మన ఇళ్ళలో పసిబిడ్డకు అమ్మమ్మో నాయనమ్మో పీటపై కూర్చొని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళపై పడుకోబెట్టుకొని నీళ్ళు పోసేవారు. ఈ పద్ధతిలో బిడ్డ ఎప్పుడూ పెద్దవారి శరీరాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది; పోసిన నీరు పోసినట్లే తూములోకి పోతుంది. పట్టణాలలో ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బులు, వాటిలో కూర్చోబెట్టే సీట్లు వచ్చాయి. సీటు ఉన్నది కదా అని బిడ్డను వదిలి తువ్వాలు కోసం వెళ్ళడం ప్రమాదకరం. ఆ సీట్లు పెద్దల చేతులకు ఆసరాయే గాని, కాపలా కాదు. సీటు ఒరిగినా, బిడ్డ జారినా ముఖం నీటిలోనే పడుతుంది.

స్నానానికి ముందే సబ్బు, తువ్వాలు, బట్టలు దగ్గర పెట్టుకోవాలి. ఫోను మోగినా, ఎవరైనా తలుపు కొట్టినా బిడ్డను చంకన ఎత్తుకొనే వెళ్ళాలి. "చెల్లిని చూస్తూ ఉండమ్మా" అని ఆరేడేళ్ళ అక్కకు అప్పగించడం తగదు. అది ఆ చిన్నపిల్ల మోయగల బాధ్యత కాదు. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలను కాస్త పెద్దవారైనా టబ్బు స్నానానికి ఒంటరిగా వదలకూడదు. హీటరు రాడ్డు వేసిన బకెట్టు విషయంలో మునక మాత్రమే కాక విద్యుదాఘాతం, కాలిన గాయాలు కూడా తోడవుతాయి కనుక ఆ సమయంలో గది తలుపు మూసి ఉండాలి.

సంపులు

నేల క్రింద నీరు నిలువ చేసే సిమెంటు తొట్టిని సంపు అంటారు. హైదరాబాదు వంటి నగరాలలో సొంత ఇళ్ళకు, అపార్టుమెంట్లకు ఇది సర్వసాధారణం. మనిషి దిగి శుభ్రం చేయడానికి వీలుగా ఉండే దీని నోరు నేలకు సమంగా, తరచుగా వాహనాలు నిలిపే చోటనే, అంటే పిల్లలు ఆడుకునే చోటనే ఉంటుంది. పడినవారు పైనుండి కనిపించరు, లోపల పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

సంపు మూత తుప్పు పట్టి విరగడం వలన కొన్ని ప్రమాదాలు జరుగుతాయి. అయితే మూత మంచిదే అయినా, అది తీసి ఉన్న కొద్ది సమయం మరింత అపాయకరం. నీటి ట్యాంకరు వచ్చి గొట్టం లోపలికి దింపినప్పుడు, కుళాయి నీరు ఎంత నిండినదో చూడడానికి మూత ప్రక్కకు జరిపినప్పుడు, శుభ్రం చేయించినప్పుడు, మోటారు మరమ్మతు జరిగినప్పుడు మూత తెరచి ఉంటుంది. పని మధ్యలో పెద్దలు డబ్బు తేవడానికో, స్విచ్చి వేయడానికో లోపలికి వెళతారు. దీనికి ఒక మంచి ఉపాయం ఉన్నది. మూత క్రింద ఇనుప చువ్వల జాలీ ఒకటి అమర్చి తాళం వేయించాలి. చువ్వల మధ్య నుండి గొట్టం దూరుతుంది, నీటి మట్టం కనిపిస్తుంది, బిడ్డ మాత్రం పడదు. మనిషి లోపలికి దిగవలసినప్పుడు మాత్రమే జాలీ తీయవలసి వస్తుంది. ఆ పని ముగిసేవరకు ఒక పెద్ద మనిషి అక్కడి నుండి కదలకూడదు.

కట్టుబడిలో ఉన్న భవనాల వద్ద లిఫ్టు గుంతలు, సెల్లారు గుంతలు వర్షపు నీటితో నిండుతాయి. గోడలు తడపడానికి నీటి తొట్లు కట్టి పెడతారు. అక్కడే గుడిసెలలో నివసించే కూలీల పిల్లలకు ఇదే ఇల్లు, ఇదే వాకిలి. ఈ గుంతల చుట్టూ కంచె వేయించడం గుత్తేదారు, యజమాని బాధ్యత.

పల్లెలలో

చేదబావులకు గట్టు, పైన ఇనుప జాలీ ఉండాలి. గట్టు ఉన్నా, దాని ప్రక్కన బట్టలు ఉతికే బండయో, బోర్లించిన గంగాళమో ఉంటే అది బిడ్డకు మెట్టు అవుతుంది. వాడకంలో లేని బావిని పూడ్చడమో, పూర్తిగా మూయడమో చేయాలి. పశువుల కుడితి తొట్టి, గోలెం తక్కువ ఎత్తులో ఉంటాయి. కుడితి నీరు తేటగా ఉండదు కనుక పడిన బిడ్డ పైకి కనిపించకపోవచ్చు. పొలాలలో ప్లాస్టిక్ పట్టా పరచిన నీటి కుంటలు మరొక విధమైన అపాయం. పట్టా తడిసి నాచు పట్టి జారుతుంది. దిగినవారు పెద్దవారైనా ఒడ్డు ఎక్కలేరు. అటువంటి కుంటకు కంచె వేసి, లోపలికి ఒక ముడులు వేసిన మోకు కట్టి ఉంచాలి. కృష్ణా, గోదావరి ప్రాంతాలలో ఇంటి ప్రక్కనే చేపల చెరువులు, పంట కాలువలు ఉండే ఊళ్ళలో పెరటి గుమ్మానికి మోకాటి పైవరకు అడ్డు తలుపు పెట్టించడం మంచిది. వదిలివేసిన బోరుబావులది వేరే సమస్య. వాటికి మూతలు, కంచెలు తప్పనిసరి చేస్తూ సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది.

కాపలా

"పదిమందిలో పాము చావదు" అని సామెత. పెళ్ళి, గృహప్రవేశం, పండుగ రోజులలో ఇల్లంతా బంధువులతో నిండి ఉన్నప్పుడు బిడ్డను అందరూ చూస్తున్నారని ప్రతివారూ అనుకుంటారు, ఎవరూ చూడరు. ఇటువంటి రోజులలో బిడ్డ ఎవరి బాధ్యతలో ఉన్నదో పేరు పెట్టి చెప్పాలి. "అత్తయ్యా, అరగంట మీరు చూడండి, నేను వచ్చి తీసుకుంటాను" అని అప్పగించి, తిరిగి తీసుకునేటప్పుడు కూడా నోటితో చెప్పాలి. నీటి దగ్గర ఉన్న పసిబిడ్డను చేయి చాపితే అందేటంత దూరంలో ఉండి చూడాలి. చేతిలో ఫోను ఉండగా చేసే కాపలా కాపలా కాదు.

బిడ్డ హఠాత్తుగా కనిపించకపోతే మొదట నీరున్న చోట్లు చూడాలి. మంచం క్రింద, వీధిలో, ప్రక్కింట్లో తరువాత వెదకవచ్చు. మంచం క్రింద దాగిన బిడ్డ పది నిమిషాలు ఆలస్యమైనా క్షేమంగానే ఉంటుంది. కనుక నీటి చోట్లు ఏవేవో ఇంటివారందరికీ ముందే తెలిసి ఉండాలి.

ప్రమాదం జరిగినప్పుడు

బిడ్డను వెంటనే నీటి నుండి తీసి గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. సాయం కోసం కేకవేసి, 108కి గాని 112కి గాని మరొకరిచేత ఫోను చేయించాలి. పిలిస్తే పలకక, శ్వాస లేకున్నా, ఎగశ్వాసగా అప్పుడప్పుడు మాత్రమే ఉన్నా ఆలస్యం చేయక సి.పి.ఆర్. మొదలుపెట్టాలి. గుండె ఆగి పడిపోయిన పెద్దవారికి ఛాతీ నొక్కడం ముఖ్యం. నీట మునిగినవారికి ముందుగా లోపించినది ప్రాణవాయువు కనుక మొదట ఊపిరి ఊదాలి. ఐరోపా మార్గదర్శకాలలో ఐదు సార్లు, అమెరికా మార్గదర్శకాలలో రెండు సార్లు ఊదమని ఉన్నది. తల కొద్దిగా వెనుకకు వంచి, గడ్డం ఎత్తి, ఛాతీ పైకి లేచేటంత మాత్రమే ఊదాలి. ఏడాది లోపు శిశువుకైతే ముక్కు, నోరు రెండింటినీ మన నోటితో కప్పి ఊదాలి.

తరువాత ఛాతీ మధ్యలో, ఛాతీ మందంలో మూడవ వంతు లోతుకు దిగేటట్లు, నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో నొక్కాలి. పిల్లలకు ఒక అరచేతి మడమ సరిపోతుంది. శిశువులకు రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకొని రెండు బొటనవ్రేళ్ళతో నొక్కాలి. ఒక్కరే ఉంటే 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, మళ్ళీ 30, మళ్ళీ 2 - ఇలా వైద్య సహాయం అందేవరకు సాగాలి. దగ్గర ఎవరూ లేకపోతే సుమారు రెండు నిమిషాలు చేసిన తరువాత ఫోను చేయాలి. నోటి నుండి వచ్చే నురగ తుడుస్తూ కాలం వృథా చేయకూడదు. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు. శిక్షణ కేంద్రంలో బొమ్మపై ఒకసారైనా చేసి చూసినవారికే అవసరమైనప్పుడు చేతులు ఆడతాయి.

బిడ్డ తేరుకొని ఏడ్చినా, మాట్లాడినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఊపిరితిత్తులలో చేరిన కొద్ది నీరు కూడా కొన్ని గంటలలో ఆయాసం కలిగించవచ్చు. అందుకే వైద్యులు కొన్ని గంటలు పరిశీలనలో ఉంచుతారు.

అపోహలు

మునిగిన బిడ్డను కాళ్ళు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయడం, తలపై పెట్టుకొని గిరగిరా త్రిప్పడం, బోర్లా పడుకోబెట్టి కడుపు నొక్కి నీరు కక్కించడం కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తుంది. కడుపులోని నీరు బిడ్డకు హాని చేసినది కాదు. కక్కించబోతే అది ఊపిరితిత్తులలోకి వెళ్ళే ప్రమాదం ఉన్నది. ఊపిరి ఊదవలసిన అమూల్యమైన నిమిషాలు ఈ పనులలో పోతాయి. మునిగి చనిపోయినవారిని ఉప్పు రాశిలో పూడ్చి ఉంచితే బ్రతుకుతారన్న ప్రచారం సెల్‌ఫోన్లలో వ్యాపించి, దానిని నమ్మి కన్నవారు గంటల తరబడి బిడ్డను ఉప్పులో ఉంచిన ఘటనలు వార్తలలో వచ్చాయి. దీనికి ఏ ఆధారమూ లేదు.

ఇతర ప్రాంతాల అనుభవం

అమెరికాలో 1980, 1990 దశకాలలో ఐదు గ్యాలన్ల, అనగా సుమారు 19 లీటర్ల, పారిశ్రామిక బకెట్లలో పసిపిల్లలు మునిగిన సంఘటనలు అనేకం బయటపడ్డాయి. అప్పటి నుండి అక్కడ అటువంటి బకెట్లపై తలక్రిందులుగా పడుతున్న బిడ్డ బొమ్మతో హెచ్చరిక ముద్రిస్తున్నారు. అదే దేశంలో ఒకటి నుండి నాలుగేళ్ళ పిల్లల మరణాలకు నీట మునక ప్రథమ కారణం, ప్రమాద స్థలం ఎక్కువగా ఇంటి ఈతకొలను. మనవలను చూసుకోవడానికి వెళ్ళే తెలుగు తాతలు, అమ్మమ్మలు ఈ సంగతి తెలుసుకొని, కొలను నాలుగు వైపులా కంచె, తానంతట మూసుకొనే గేటు ఉన్నవో లేవో చూడాలి. ఇంటి గోడనే నాలుగవ వైపుగా భావించి మూడు వైపులే కంచె వేస్తే ఇంటిలోని బిడ్డకు కొలను తెరచి ఉన్నట్లే.

మనకు అన్నిటికన్నా ఉపయోగపడేది బంగ్లాదేశ్ అనుభవం. అక్కడ పసిపిల్లల మునకలు ఎక్కువగా తల్లి ఇంటి పనులలో ఉండే ఉదయం తొమ్మిది, మధ్యాహ్నం ఒంటిగంట మధ్య జరుగుతున్నాయని గమనించి, ఆ సమయానికి ఊరిలోనే శిశు సంరక్షణ కేంద్రాలు నడిపారు. వీటికి "ఆంచల్", అనగా చీరకొంగు, అని పేరు. ఊరి మహిళ ఒకరు సుమారు పాతిక మంది పిల్లలను చూసుకుంటారు. ఈ కేంద్రాలకు వచ్చే పిల్లలలో మునక మరణాలు 80 శాతానికి పైగా తగ్గినట్లు అధ్యయనాలలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఇటువంటి కేంద్రాలను సిఫారసు చేసింది.

మన అంగన్‌వాడీలలో పూర్వ ప్రాథమిక విద్య మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు ఉద్దేశించినది. ప్రమాదం ఎక్కువగా ఉండే ఒకటి, రెండేళ్ళ పిల్లలు ఆ వేళ ఇంటి దగ్గరే ఉంటారు. ఆరు నెలల వయసు నుండి పిల్లలను చేర్చుకొనే "పాల్నా" శిశు సంరక్షణ కేంద్రాల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022లో మిషన్ శక్తిలో భాగం చేసింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో నీట మునక నివారణకు ఒక వ్యూహ పత్రాన్ని వెలువరించింది.